ఎడమ రికాబు ఒక చిల్లు పైకి

వానలు పట్టాయంటే కొల్లేటి చేపల చెరువుల గట్లమీద మోటారు సైకిలు కదలదు. అందుకని కోటేశ్వరరావు ఏలూరు వెళ్లి, పెళ్లి ఊరేగింపుల్లో తిరిగిన ఓ ఆడగుర్రాన్ని కొనుక్కొచ్చాడు. తెచ్చాడే గానీ ఎక్కడానికి ధైర్యం చాల్లేదు. ఎక్కింది ఆయన భార్య వరహాలమ్మ.

ఆవిడకి యాభై దగ్గర పడుతున్నాయి. పడవలో నిలబడి గెడ వేసుకుంటూ చేపలకి మేత చల్లడం ఆవిడ పని. చిన్నప్పుడు విరిగి అతికిన ఎడమకాలు కాస్త పొట్టి. కుచ్చిళ్లు నేలదాకా దించి కడుతుంది కాబట్టి ఆ సంగతి బయటివాళ్లకి తెలియదు.

స్వారీ నేర్పడానికి వట్లూరు నుంచి ఆనంద్ పాల్ వచ్చాడు. భర్త ట్రాక్ ప్యాంటు తొడుక్కుని వరహాలమ్మ జీనెక్కింది.

"కాళ్లు వదులుగా వేలాడెయ్యండమ్మా. పాదం పెట్టే ఈ రికాబు చీలమండకి తగిలితే కొలత కుదిరినట్టే" అంటూ ఆనంద్ పాల్ కుడికాలి కొలత మాత్రం చూసి, రికాబుల పట్టీలు రెండూ సమానంగా బిగించాడు.

గుర్రం నాలుగడుగులు వేసిందో లేదో, ఎడమ రికాబు అందక ఆవిడ ఆ పక్కకి వాలి గడ్డిలో పడింది. ఆయన రెండూ పొట్టి చేశాడు.

"పీటమీద కూర్చున్నట్టుందండీ. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఉన్నాయి" అందావిడ.

మళ్లీ దించితే మళ్లీ ఎడమకే వాలింది. జీను వంకరేమోనని ఆయన విప్పబోయాడు.

వరహాలమ్మ చెయ్యడ్డం పెట్టి ఆపింది. తర్వాత నవ్వేసి, "వంకర జీనుది కాదండీ, నా కాలిదే" అని చెప్పింది.

"దానికేముందమ్మా!" అని ఆయన ఎడమ పట్టీని మాత్రం ఒక చిల్లు పైకి బిగించాడు. "మడమ కొంచెం దించండి. భుజం, నడుము, మడమ ఒకే వరసలో ఉండాలి."

ఊహ తెలిశాక రెండు పాదాల మీదా బరువు సమానంగా పడటం ఆవిడకి అదే మొదలు. గుర్రం గట్టు చివరిదాకా వెళ్లింది. వెనకాల కోటేశ్వరరావు పరుగు.

"మెల్లగా, వరాలూ!"

"మీరు ఆగండీ, అది మిమ్మల్ని చూసే బెదురుతోంది!"

శ్రావణంలో ఓ పొద్దున్న స్వారీకి వెళ్లిన వరహాలమ్మకి గట్టు మూల నీళ్లు ఊటగా కారుతూ కనిపించాయి. గుర్రాన్ని తిప్పి, పనివాళ్లని కేకేసుకొచ్చింది. మట్టి బస్తాలు వేసి, గండి పడకుండా ఆపారు. చేపలు దక్కాయి.

పక్క చెరువు కృష్ణబాబు మర్నాడే వచ్చాడు.

"వదినా, రోజూ మా గట్టు కూడా ఓసారి చూసి పెడుదురూ?"

"అలాగేనయ్యా. గుర్రానికి పచ్చగడ్డి మాత్రం నువ్వే కోసి పెట్టాలి" అంది వరహాలమ్మ.