రెండూ ఎడమ చేతులే

నాన్న మణుగూరులో మగవాళ్ల బట్టలు కుట్టే టైలరు. నేను ఇంటర్ తప్పి దుకాణంలో కూర్చున్నప్పుడు చుట్టాలందరూ బ్లౌజులు నేర్చుకోమన్నారు. ఆడపిల్లకు అవి చాలట. నాకు ఒళ్లు మండింది. షర్టులు, ప్యాంట్లు కోయడమే నేర్చుకుంటానని పట్టుబట్టాను. నాన్న కాదనలేదు గానీ కత్తెర మాత్రం ఇవ్వలేదు. సూదీ దారం చేతికిచ్చి కాజాలు వేయమన్నాడు.

గుండీ దూరే ఆ చీలిక చుట్టూ మా దుకాణంలో ఇప్పటికీ చేత్తోనే కుట్టాలి. ఒక్క కుట్టు పక్కకు జరిగినా నాన్న బ్లేడుతో తెంపి మళ్లీ నా ఒళ్లో పడేసేవాడు. అలా ఏడాది దాటింది. నా వేలి కొనలు మొద్దుబారాయి, నోరు మాత్రం పదునెక్కింది. కత్తెర ఎప్పుడిస్తావని రోజూ సతాయించేదాన్ని. అయినా మానేసి ఇంట్లో కూర్చుందామని ఒక్కనాడూ అనిపించలేదు. అదేం మొండితనమో.

చివరికి ఒక డిసెంబరులో కత్తెర నా చేతికొచ్చింది. బొగ్గు గనిలో పనిచేసే ఒకాయన, చర్చిలో పాటలు పాడతాడు, క్రిస్మస్‌కు ఫుల్ హ్యాండ్స్ షర్టు కావాలని పూల ప్రింటు గుడ్డ ఇచ్చి వెళ్లాడు. గుడ్డ చాలీచాలకుండా ఉంది. మడత పెట్టి రెండు చేతులూ ఒకేసారి కోసే వీల్లేక ఒక్కొక్కటే కోశాను. రెండోది కోసేటప్పుడు కాగితం నమూనాను తిరగేసి పెట్టాలి. సంబరంలో మరిచిపోయాను. తీరా కుట్టబోతే రెండూ ఎడమ చేతులే. ప్రింటు ఒకవైపే ఉంది, తిప్పి కుట్టే దారి లేదు.

ఏడుపొచ్చింది. ఇక జన్మలో కత్తెర ఇవ్వడనుకున్నాను. నాన్న తిట్టినా బాగుండేది. ఆ ముక్కల్లోంచే పొట్టి చేతులు తీయొచ్చని చూపించి, గుడ్డ ఇచ్చినాయనకు సంగతి మాత్రం నన్నే చెప్పమన్నాడు. ఆయన వచ్చాక తల వంచుకుని అంతా చెప్పాను. ఆయన షర్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కాజాలు మంచిగేసినవమ్మా. ఎట్లయినా చలికి పైన స్వెటర్ ఏసుకుంట గదా," అన్నాడు.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే కాజాలకు కూర్చున్నాను. కత్తెర మళ్లీ దొరకడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. ఈసారి ఎవరినీ సతాయించలేదు. ఖాళీ దొరికితే పాత పేపర్లు పరిచి కుడి చేతులు, ఎడమ చేతులు కోసుకుంటూ కూర్చునేదాన్ని.

ఇప్పుడు దుకాణం నేనే నడుపుతున్నాను. చూపు తగ్గిన నాన్న కుర్చీలో కూర్చుని నా పనికి వంకలు పెడతాడు. బాగుందని ఇన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు. తన పండగ కుర్తా మాత్రం తానే కోసుకునేవాడు, నన్ను ముట్టనిచ్చేవాడు కాదు.

మొన్న రంజాన్‌కు ముందు తెల్లగుడ్డ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కొలతలు తీసుకోమన్నట్టు చేతులు చాచి నిలబడ్డాడు. నేను టేపు అందుకుని కొలతలు రాసుకున్నాను.

"రెండోది కోసేటప్పుడు కాగితం తిరగెయ్యి బేటా," అన్నాడు.

కుట్టడం అయ్యాక కుర్తాను ఒళ్లో వేసుకుని ఒక్కో కాజానూ వేలితో తడిమి చూశాడు. బ్లేడు అడగలేదు.