కారవాన్‌కు అంటిన ఇసుక

కువైట్‌ను ఇరాక్ సైన్యం ఆక్రమించినప్పుడు నేను అహ్మదిలో ఒకరింట్లో డ్రైవర్‌ని. సౌదీకి పారిపోదామని, పాత జీపు వెనక తగిలించే కారవాన్‌ను సిద్ధం చేయమంది మామా, మా యజమానురాలు. అలవాటు కొద్దీ, ఎండకు తెల్లబారిన దాని నల్ల ప్లాస్టిక్ పట్టీలకు కొబ్బరినూనె రుద్ది నిగనిగలాడించాను.

అంతలో సైనికులు పక్కింటికి వచ్చి కొత్తగా కనిపించిన బండ్లన్నీ తోలుకుపోసాగారు.

“అంత మెరిసేటట్టు ఏంటికి రుద్దితివబ్బా? ఇంక ఇడ్సిపెడతారా?” అన్నాడు రాయచోటి వంటమనిషి ఖాదర్.

మామా దోసిళ్లతో ఇసుక ఎత్తి పట్టీల మీద కొట్టింది. మేమూ కొట్టాం. నూనెకు ఇసుక అట్టకట్టింది. వచ్చిన సైనికుడు దాన్ని వేలితో గీకి, మొహం చిట్లించి వెళ్లిపోయాడు.

సౌదీ చేరగానే ఆ ఇసుక కడగబోయాను. అప్పుడు మామా అన్న మాట ఇప్పటికీ మరిచిపోలేను: “ఉండనీ. మాకు మిగిలిన కువైట్ అదే.”