పై అంతస్తు చప్పుడు

కొరియాలో బుచన్ అనే ఊళ్ళో పాత ఫ్యాక్టరీల వెనక సందులో గిల్‌సున్‌కి మూడంతస్తుల ఇటుక ఇల్లు ఉండేది. కింది వాటాలో తనుండి, నడిమి వాటా, పై వాటా అద్దెకిచ్చేది. ఆ ఇల్లు ఎవరో రాసిచ్చింది కాదు. పదిహేనేళ్ళ వయసులో తేగు ఊళ్ళో నేతమిల్లుకి పనికెళ్ళిన రోజు మొదలు, మొగుడితో కలిసి బజార్లో కూరల కొట్టు నడిపి, అతన్ని మట్టిలో పెట్టి వచ్చిన రోజు దాకా, ఆమె ఒళ్ళు హూనం చేసుకుని కట్టుకున్న ఇల్లది.

ఇల్లు మిగిలింది గాని చెవులు మిగల్లేదు. మిల్లులో మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కన నిలబడ్డ పిల్ల అరిచినా వినపడేది కాదు. అమ్మాయిలు పెదాలు చూసి, వేళ్ళు చూసి మాట్లాడుకునేవాళ్ళు. ఆ అలవాటే ఆమెని తర్వాత కాపాడింది. అరవై దాటాక చెవులు దాదాపు మూసుకుపోయినా, ఎదుటి మనిషి మొహం కేసి చూస్తూ మాటలన్నీ పట్టేసేది. ఓనరమ్మ ఎంత శ్రద్ధగా వింటుందో అని జనం మెచ్చుకుంటే లోపల నవ్వుకునేది. చెవిటిదని ఒక్కరికీ చెప్పలేదు. ఇల్లుగలది చెవిటిదని తెలిస్తే అద్దెకుండేవాళ్ళు నెత్తికెక్కి కూచుంటారని ఆమె భయం.

కొట్టు మూసేశాక ఖాళీగా ఉండలేక, బజార్లో తెలిసిన కొట్టువాళ్ళకి కిమ్చీ పచ్చడిలోకి వెల్లుల్లి, ఎండుమిర్చి దంచి ఇచ్చేది. వంటగదిలో గోడవార నేలమీద రాతి రోలుండేది. పొద్దున పనులు తెమిలాక దాని ముందు కూచుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. మిషన్లో వేసిన వెల్లుల్లికి నీరు కారుతుందని, రుచి చచ్చిపోతుందని ఆమె పట్టు. నలిగిందో లేదో చేతికి తెలియాలి. అందుకే గట్టిగా దంచేది.

నడిమి వాటాలో గుక్ అనే ఆయన ఉండేవాడు. రాత్రి బస్సు నడిపేవాడు. పెళ్ళాం లేదు, మాట తక్కువ. తెల్లారి వచ్చి, గిన్నెడు పులుసు తాగి, కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకునేవాడు. పై వాటాలోకి, గిల్‌సున్ కొట్టు మూసేసిన ఏడే, సాంగ్మీ కుటుంబం దిగింది. మొగుడు పార్సెళ్ళ బండి నడుపుతాడు, చీకటితో వెళ్ళి చీకటితో వస్తాడు. సాంగ్మీ ఇంట్లోనే కూచుని ఏదో కంపెనీ లెక్కలు కంప్యూటర్లో ఎక్కించేది. వాళ్ళకి బోమీ అని నాలుగేళ్ళ పిల్ల.

బోమీ అంటే గిల్‌సున్‌కి ప్రాణం. ఆమెకి పిల్లల్లేరు. ఆ పిల్ల మెట్లు దిగి వచ్చి, రెండు చేతులతో ముసలామె బుగ్గలు పట్టుకుని, మొహం తన వైపు తిప్పుకుని, అప్పుడు మాట మొదలుపెట్టేది. ఎవరూ నేర్పలేదు. పెద్దవాళ్ళెవరికీ అర్థం కాని సంగతి దానికి మొదటి వారంలోనే తెలిసిపోయింది.

మొదటి శీతాకాలంలోనే గుక్ కిందికి దిగి వచ్చాడు. చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడి, పైవాళ్ళ పిల్ల పొద్దుటినుంచీ గెంతుతోందనీ, కన్ను మూతపడనివ్వడం లేదనీ చెప్పాడు. చిన్నపిల్ల కదా అని గిల్‌సున్ సర్దిచెప్పింది. పైకెళ్ళి సాంగ్మీతో అంటే, బోమీ బొమ్మలు వేసుకుంటోంది పిన్నిగారూ, గెంతలేదు అని ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. వారం తిరక్కుండా గుక్ మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత రావడం మామూలైపోయింది.

ఇల్లు నాది, తగువు నేనే తీర్చాలి అనుకుంది గిల్‌సున్. పెద్ద అపార్ట్‌మెంట్లకైతే ఆఫీసు ఉంటుంది, వాళ్ళు చూసుకుంటారు. చిన్న ఇళ్ళకి ఎవరూ ఉండరు. అందుకని వార్డు ఆఫీసుకి వెళ్ళి అక్కడి అమ్మాయి ఎదురుగా కూచుని, నిబంధనలన్నీ చెప్పించుకుంది. పరుగులు, గెంతులు, వస్తువులు పడెయ్యడం, టీవీ, వాయిద్యాలు లెక్కలోకి వస్తాయి. స్నానాల గది నీళ్ళ చప్పుడు రాదు. పగటికి ఒక హద్దు, రాత్రికి అంతకన్నా తక్కువ హద్దు. చప్పుడు ఎంతో మిషన్ పెట్టి కొలవాలి. మనిషి చెవి సాక్ష్యం చెల్లదు. అన్నిటికన్నా ముఖ్యంగా, పడనివాళ్ళు ఒకరి తలుపు ఒకరు కొట్టకూడదు, మధ్య మనిషి ద్వారానే చెప్పుకోవాలి. కొలిచేవాళ్ళు కావాలంటే పేరు రాయించుకుని వంతు కోసం ఆగాలి. నెలలు పట్టొచ్చు. గిల్‌సున్ పేరు రాయించింది.

తిరిగొచ్చి ఇద్దరికీ విడివిడిగా చెప్పింది. గుక్ అంతా విని, చేదుగా నవ్వాడు.

"అందరికీ రాత్రి అయినప్పుడు నాకు పగలండి. నా రాత్రికి హద్దు ఎవరు పెట్టారు, ఓనరమ్మగారూ?"

వార్డు ఆఫీసు అమ్మాయి చెప్పిన నిబంధనల్లో అది లేదు. తన డబ్బుతో మందపాటి పరుపుచాపలు కొని పై వాటా అంతా పరిపించింది. పొద్దుటిపూట పిల్లని అణిచి ఉంచమని సాంగ్మీని బతిమాలింది. ఆ తర్వాతే బోమీ మునివేళ్ళ మీద నడవడం నేర్చుకుంది. మొదట అది ఆటలా ఉండేది. కొన్నాళ్ళకి మెట్లమీదా అలాగే, సందులోనూ అలాగే నడిచేది. చూసినవాళ్ళు పిల్లకి కాళ్ళలో ఏదన్నా లోపమా అని అడిగేవాళ్ళు.

చప్పుడు మాత్రం ఆగలేదు. పైగా సాంగ్మీ కూడా ఫిర్యాదు మొదలుపెట్టింది. కింది ఆయన కర్రతో కప్పు మీద కొడుతున్నాడు, మమ్మల్ని వెళ్ళగొట్టడానికి కావాలనే చేస్తున్నాడు అంది. గుక్‌ని అడిగితే, నిద్రపోవలసిన వేళ కర్ర పట్టుకుని నిలబడే పిచ్చివాడిలా కనిపిస్తున్నానా అన్నాడు. ఇద్దరూ అబద్ధమాడుతున్నట్టు లేరు. ఇద్దరి మొహాలూ చదివింది గిల్‌సున్, రెంటిలోనూ నిజమే కనిపించింది. ఎటూ తేల్చుకోలేక, ఓపిక పట్టండి, కొలిచేవాళ్ళు వస్తారు అంటూ ఇద్దరి మధ్యా మెట్లెక్కీ దిగీ మోకాళ్ళు అరగదీసుకుంది. దిగొచ్చి, ఆ దిగులుతో రోలు ముందు కూచుని మరింత గట్టిగా దంచేది.

వసంతంలో ఒక పొద్దున గుక్‌కి తిక్కరేగింది. అంతకు ముందు రాత్రి బస్సుకి ఒక తాగుబోతు అడ్డం పడబోయాడట, అంగుళంలో తప్పిందట. తెల్లారి వచ్చి పడుకున్నాడు. పడుకున్న రెండో గంటలోనే తలమీద దబదబమని మొదలైంది. లేచి, మధ్య మనిషి మాట మరిచిపోయి, నిబంధన మరిచిపోయి, పైకెళ్ళి తలుపు బాదాడు. ఆ పిల్ల కాళ్ళు విరిచి పొయ్యిలో పెడతానని అరిచాడు. సాంగ్మీ తలుపు తియ్యకుండా పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్ళు వచ్చి గుక్‌ని మందలించి, ఇంకోసారి ఆ గుమ్మం తొక్కితే కేసవుతుందని చెప్పి వెళ్ళారు. ఈ గొడవంతా జరుగుతున్నంతసేపూ గిల్‌సున్ వంటగదిలోనే ఉంది. పోలీసులు వచ్చి ఆమె భుజం తట్టేదాకా ఏమీ తెలియదు.

ఆ నెలాఖరుకి సాంగ్మీవాళ్ళు ఖాళీ చేశారు. అద్దె గడువు ఇంకా ఉన్నా గిల్‌సున్ అభ్యంతరం చెప్పలేదు. లారీ ఎక్కేముందు బోమీ వచ్చి ఆమె బుగ్గలు పట్టుకుంది గాని ఏమీ మాట్లాడలేదు. ఊరికే చూసి వదిలేసింది.

పై వాటా ఖాళీగా ఉంది. నాలుగైదు రోజుల తర్వాత గుక్ మెల్లగా కిందికి దిగి వచ్చాడు. ఈసారి కోపంగా లేడు. మనిషి పాలిపోయి ఉన్నాడు.

"పైన ఎవరన్నా ఉన్నారాండీ?"

"ఎవరుంటారు డ్రైవరుగారూ, తాళం నా దగ్గరే ఉంది."

"మరి చప్పుడు వస్తోంది" అన్నాడతను. "అదే చప్పుడు. నాకే ఏదన్నా అయిందేమోనండీ."

ఇద్దరూ పైకెళ్ళి చూశారు. ఖాళీ గదులు, గోడమీద బోమీ గీసిన పిచ్చిగీతలు, పరిచినవి పరిచినట్టే ఉన్న చాపలు. గుక్ వాటిమీద కాసేపు నిలబడ్డాడు. ఆస్పత్రికి వెళ్తానన్నాడు. నిద్రలేమికి అలాంటివి వినపడతాయని ఎవరో చెప్పారట. గిల్‌సున్‌కి జాలేసింది. వెళ్ళి చూపించుకోండి, కూడా నేనొస్తాను అంది.

సరిగ్గా ఆ వారంలోనే కొలిచేవాళ్ళ వంతు వచ్చింది. ఇక అక్కర్లేదని చెప్పబోయింది గాని, వచ్చినవాళ్ళు వచ్చారు కదా అని ఊరుకుంది. ఒక నడివయసు ఆవిడ, ఆమె వెంట ఒక సహాయకుడు. గుక్ గదిలో మిషన్ పెట్టి, ఇంట్లో ఎవరి పని వాళ్ళు మామూలుగా చేసుకోండి అన్నారు. గిల్‌సున్ కిందికి వచ్చి మామూలుగా తన పని చేసుకుంది.

కాసేపటికి ఎవరో ఎదురుగా వచ్చి నిలబడితే తలెత్తింది. ఆ ఆవిడే. వంగి, మెల్లగా అడిగింది, ఒక్క నిమిషం ఆపుతారా అని. ఆపింది. ఆవిడ మెట్ల దగ్గరికి వెళ్ళి పైనున్న సహాయకుడికి చెయ్యి ఊపింది. మళ్ళీ దంచమంది. దంచింది. మళ్ళీ ఆపమంది. అలా రెండు మూడుసార్లు అయ్యాక ఆవిడ వచ్చి రోలు పక్కనే నేలమీద కూచుంది. చప్పుడు గోడలు పట్టుకుని పాకుతుందనీ, కింద కొడితే పైన మోగినట్టే ఉంటుందనీ, ఎంత అనుభవం ఉన్నవాళ్ళైనా ఎక్కడినుంచి వస్తోందో చెవితో చెప్పలేరనీ వివరించింది. ఇది మీ తప్పు కాదు, చాలా ఇళ్ళల్లో ఇలాగే జరుగుతుంది అంది. గిల్‌సున్ ఆవిడ పెదాలనే చూస్తోంది. జీవితంలో మొదటిసారి, చూసింది తప్పుగా చూశానేమో, ఇంకోసారి చెప్పించుకుందామా అనిపించింది. తలెత్తితే గుమ్మంలో గుక్ నిలబడి ఉన్నాడు. అతని మొహం చూశాక ఇంకోసారి చెప్పించుకోవలసిన పని లేకపోయింది.

వాళ్ళు వెళ్ళిపోయాక గుక్ ఆమెని తప్పుపట్టలేదు. గుమ్మంలోనే చతికిలబడి, "నేను ఆ పిల్ల కాళ్ళు విరుస్తానన్నానండీ" అన్నాడు.

"నాకు వినపడదు డ్రైవరుగారూ" అంది గిల్‌సున్. "ఎన్నో ఏళ్ళయింది. మీకెవరికీ చెప్పలేదు. నా చేతికింద అంత చప్పుడవుతోందని నాకు తెలియదు."

ఆ రోజుతో దంచడం మానేసింది. కొట్టువాళ్ళు వచ్చి అడిగితే చేతకావడం లేదంది. అలవాటు పడ్డ చేతులు ఊరికే ఉండలేక, బోమీ ఇష్టంగా తినే ముల్లంగి కిమ్చీ కొనుక్కొచ్చిన వెల్లుల్లితోనే పెట్టింది. అది డబ్బాలో సర్దుకుని, రెండు బస్సులు మారి, సాంగ్మీవాళ్ళు కొత్తగా చేరిన ఇంటికి వెళ్ళింది. కింద ఎవరూ ఉండకూడదని వెతికి వెతికి నేల అంతస్తు తీసుకున్నారట. చీకటిగా, తేమగా ఉంది. కిటికీ నిండా పార్కు చేసిన కార్ల చక్రాలే.

సాంగ్మీ తలుపు తీసింది గాని లోపలికి రమ్మనలేదు. గిల్‌సున్ గుమ్మం బయటే నిలబడి జరిగిందంతా చెప్పింది. చెవుల సంగతి కూడా దాచకుండా చెప్పి, నడుం వంచి దణ్ణం పెట్టింది. సాంగ్మీ వెంటనే లేవనెత్తలేదు.

"పోలీసులు వచ్చి వెళ్ళిన మర్నాడు, నేను గిన్నెలు కడుగుతుంటే మళ్ళీ చప్పుడు వచ్చింది పిన్నిగారూ" అంది. "బయటికొచ్చి చూస్తే బోమీ చాప మీద నిలబడి ఉంది. నేను కాదమ్మా అంది. నేను నమ్మలేదు. పిక్కలు వాచేలా కొట్టాను. నేను కాదు, నేను కాదు అంటూనే ఉంది. ఎంత కొట్టినా ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకుంది."

ఆమె గొంతు ఎలా ఉందో గిల్‌సున్‌కి వినపడదు. పెదాలు మాత్రం వణికాయి.

"మిమ్మల్ని చెడ్డవారని నేననను. కానీ ఈ మాట దానికి నేను చెప్పుకోవాలి. మీరు కాదు. దాన్ని పిలవమని నన్ను అడగొద్దు."

గిల్‌సున్ అడగలేదు. డబ్బా అందించింది. సాంగ్మీ కాసేపు తటపటాయించి, పెద్దావిడ చెయ్యి వెనక్కి నెట్టలేక తీసుకుంది. లోపల ఎక్కడో పిల్ల ఉండే ఉంటుంది, పిలిచే ఉంటుంది. గిల్‌సున్‌కి తెలిసే దారి లేదు. తలుపు మెల్లగా మూసుకుంది.

ఎండాకాలం మొదట్లో ఆమె చెవికి మిషన్ పెట్టించుకుంది. దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. అన్నీ రేకుడబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టు వినపడేవి. పై వాటా ఆ ఏడంతా ఖాళీగానే ఉంచింది. ఎందుకు అద్దెకివ్వవని బజార్లో వాళ్ళు అడిగితే, గోడలకి రంగు వెయ్యాలి అనేది. రంగు వేస్తే ఆ గీతలు పోతాయని వేయించలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దమైనా గుక్‌కి నిద్ర సరిగా పట్టేది కాదు. మధ్యాహ్నం వేళ లేచి కిందికి వచ్చి ఆమె వంటగదిలో పులుసు తాగి వెళ్ళేవాడు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తుకునేవాళ్ళు కాదు.

ఒకరోజు ఆ డబ్బా తిరిగొచ్చింది. సాంగ్మీ మొగుడు పార్సెళ్ళ బండి ఆపి, మెట్లమీద పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మనిషి తొందరలో ఉన్నాడు. గిల్‌సున్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని మూత తీసింది. కడిగి, తుడిచి, పొడిగా ఉంది. లోపల ఒక పండు గాని, ఒక మిఠాయి గాని లేదు. ఖాళీ గిన్నె తిప్పి పంపడం ఆ వాడలో ఎవరూ చెయ్యరు. సాంగ్మీ మరిచిపోయే మనిషి కాదు. అయినా గిల్‌సున్ దాన్ని ఒకసారి వెలుతురుకి పట్టి, అడుగు దాకా చూసి, మూత పెట్టి, ఇక పొయ్యి వెలిగించడానికి లేచింది. గుక్ లేచే వేళయింది.