నాలుగు వైపులా కుట్టిన అర

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. సీట్లక్క తన దగ్గరున్న పరదేశాల నోట్లను అంతకంటే ఎక్కువే తిప్పింది. మొదట దేశాల వారీగా పెట్టింది. బళ్లో గోడకు వేలాడే పటంలా ఉందని విసుగొచ్చి సైజుల వారీగా మార్చింది. తర్వాత రంగుల వారీగా, ఆ తర్వాత బొమ్మల వారీగా: పక్షులన్నీ ఒక చోట, వంతెనలన్నీ ఒక చోట, మీసాల పెద్దమనుషులంతా ఒక చోట. మీసాలవాళ్లు మరీ ఎక్కువైపోయి, ఒకరినొకరు గుర్రుగా చూసుకుంటున్నట్టు కనిపించేసరికి, మధ్యమధ్య చేపల్ని దూర్చింది. అదీ ఎంతో కాలం నిలవలేదు.

ఆమె కార్ల సీట్లకు తొడుగులు కుడుతుంది. వీధి చివర రేకుల షెడ్డు, రెండు కుట్టుమిషన్లు, గోడకు చేరగిలబడ్డ రెక్సిన్ చుట్టలు, కాళ్లకు అడ్డంపడే ఫోమ్ ముక్కలు. వచ్చిన ప్రతివాడూ సీట్లక్కా అని పిలవడంతో అసలు పేరు ఇంట్లోవాళ్లే గుర్తు తెచ్చుకోవాలి. భర్త ఓడల్లో వంటవాడు. ఇంటికొచ్చినప్పుడల్లా ఏ రేవులోనో జేబులో మిగిలిపోయిన కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టేవాడు. అలా పోగైనవే ఈ నోట్లు.

ఇలాంటి జంట కనబడితే చాలు, జనానికి నోరూరుతుంది. మొగుడు సముద్రాల మీద, పెళ్లాం ఆయన తెచ్చిన నోట్లను గుండెకు హత్తుకుని గుమ్మంలో. అదేమీ లేదు. గుమ్మంలో నిలబడ్డానికి ఆమెకు తీరిక ఉంటేగా. ఆమెకు నచ్చింది కాగితం. ఇంత పల్చటి దాని మీద అంత సన్నటి గీత ఎలా తీశారన్నదే ఆమె ఆశ్చర్యం. కుట్టు వంకర పోతే ఆమడ దూరం నుంచి పట్టేసే కన్ను అది. ఆ కంటికి ఏ వరసా పూర్తిగా సరిగ్గా కనిపించేది కాదు, అంతే. కూర మరుగుతుండగా లేచి వచ్చి ఒక వంతెనను పక్కకు జరిపి వెళ్లేది.

ఆయన ఓడ దిగి ఇంటిపట్టునే ఉండడం మొదలుపెట్టాక తేడా మరీ కొట్టొచ్చినట్టు తెలిసింది. లోకమంతా తిరిగినవాడు కుర్చీలో కూర్చుంటే గోడలో దిగిన మేకే. ఎక్కడికీ పోని మనిషి మాత్రం ముళ్ల మీద ఉన్నట్టు ఉండేది. "నువ్వు ఓడెక్కాల్సింది, నేను సీట్లు కుట్టాల్సింది" అనేవాడు. "మీరు కుడితే సీటు కాదు, దిండవుతుంది" అనేది ఆమె.

నోట్లు పెట్టుకునే పుస్తకం కూడా ఆమె కుట్టిందే. కొత్త సీట్ల మీద పరిచే మెత్తటి ప్లాస్టిక్ షీటును అరలుగా కత్తిరించి, మూడు వైపులా కుట్టి, పై వైపు వదిలేసి, మొత్తానికి నల్ల రెక్సిన్ అట్ట వేసింది. ఒక్క అర మాత్రం వేరు. మొదటి పేజీలో మొదటిది. పెళ్లయ్యాక ఆయన మొదటిసారి ఓడెక్కి తిరిగొచ్చినప్పుడు ఇచ్చిన నోటు అందులో ఉంది: నీలం సముద్రం, దాని మీద ఒక చేపల పడవ. ఇంటికి వచ్చినవాళ్లంతా అదేదో చూపించమనేవారు. వేళ్లతో రుద్దేవారు, మడిచేవారు. ఒకసారి ఆడపడుచు దాని మీదే టీ గ్లాసు పెట్టింది. సీట్లక్క గ్లాసు తీసి పక్కన పెట్టింది. మర్నాడు ఆ అరకు నాలుగో వైపు కూడా కుట్టేసింది, సీటు అంచుకు వేసినట్టు జంటకుట్టు. మిగతా నోట్లన్నీ ఊరేగుతున్నా ఆ పడవ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

వీధి గ్రంథాలయంలో, వస్తువులు నలుగురికీ చూపడానికి పెట్టే గాజుబల్ల ఒకటి ఖాళీగా పడి ఉంది. గ్రంథాలయం చూసుకునే మేడం కారుకు సీట్లక్కే తొడుగులు కుట్టింది. షెడ్డులో ఆ పుస్తకం చూసిన మేడం, నోట్లను ఒక నెల గాజుబల్లలో పెడదామంది. సీట్లక్క ముందు సంబరపడింది. బల్లకు తాళం వేస్తారని తెలిశాక అరికాళ్లలో నిప్పులు పోసినట్టయింది. నెలంతా ఒక్క నోటునూ ముట్టుకోకూడదు. అయినా సరేనంది. సరేనని ఇంటికొచ్చి, ఏ వరస పెట్టాలో తేలక, పుస్తకాన్ని వంటింట్లోకీ ముందుగదిలోకీ మోస్తూ తిరిగింది.

రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం మేడం ఇంటికి వచ్చింది. పుస్తకం తెరవగానే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఈ మెత్తటి ప్లాస్టిక్ నూనె కారుస్తుందనీ, కాగితానికి అంటుకుని రంగు లాగేస్తుందనీ, నోట్లన్నీ బయటికి తీసేయాలనీ చెప్పింది. తన సంచిలోంచి గరుకుగా, గలగలమనే వేరే రకం తొడుగులు తీసింది.

సీట్లక్కకు రోషం వచ్చింది. "సీట్లకి వేసేదే మేడం. గట్టి సరుకు."

"సీట్ల మీద దీన్ని ఉంచొద్దని నాకు చెప్పింది మీరే కదా అక్కా. ఎండకి కరిగి అంటుకుపోతుందన్నారు."

నిజమే, సీట్లక్కే చెప్పింది. తొడుగు కుట్టించుకున్న ప్రతివాడికీ ఆ మాట చెప్పే పంపేది. ఇంటికెళ్లగానే ప్లాస్టిక్ పీకేయండి, లేకపోతే రెక్సిన్ రంగు దానికే పోతుంది, తర్వాత నన్ననకండి. అదే షీటు, అదే చుట్ట. సీటు సంగతి సీటుదీ, నోటు సంగతి నోటుదీ అనుకుంది కాబోలు. కాదు, అసలు ఆ ఆలోచనే రాలేదు.

ఒక్కొక్కటే తీశారు. చిత్రం, అన్నీ సాఫీగా వచ్చాయి. పక్షులు వచ్చాయి, వంతెనలు వచ్చాయి, మీసాలవాళ్లంతా మీసాలతోనే వచ్చారు. అక్కడక్కడా కాస్త జిడ్డు తప్ప నష్టం లేదు. ఇన్నేళ్లు ఇందులో ఉండి ఇలా ఎలా ఉన్నాయని మేడం విస్తుపోయింది. అప్పుడే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ ఆడపడుచు జవాబు చెప్పింది. "మా వదిన దేనికైనా అంటుకునే తీరిక ఇస్తేగా."

అందరూ నవ్వారు. సీట్లక్క కూడా నవ్వింది. నవ్వుతూనే మొదటి పేజీకి తిప్పింది, నవ్వు అక్కడ ఆగింది. నాలుగు వైపులా కుట్టిన అరలో పడవ చుట్టూ తడి మరకల్లాంటివి కనిపించాయి. మేడం దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూసి, తనేమీ చెప్పలేనంది. తియ్యడమా, అలాగే ఉంచడమా అన్నది ఇంటివాళ్లే తేల్చుకోవాలనీ, రేపు వస్తాననీ చెప్పి వెళ్లిపోయింది.

సీట్లక్క షెడ్డుకు పోయి మిషన్ ముందు కూర్చుంది. వెనక సీటు తొడుగును ముందు సీటు కొలతకు కత్తిరించింది. విప్పింది, మళ్లీ కుట్టింది, మళ్లీ తప్పు. తెరవనంత వరకూ నోటు బాగానే ఉన్నట్టు లెక్క. తెరిస్తే ఆ లెక్క పోతుంది. మూసిన పెట్టెల మీద నమ్మకంతో జీవితాలు వెళ్లదీసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్ల ఓపికకు దండం పెట్టాలి. సీట్లక్కకు ఆ ఓపిక ఆ పూట దాటలేదు. మిషన్ మీది బ్లేడు పట్టుకుని ఇంటికి వచ్చి, కుర్చీలో ఉన్న మొగుడి ఒళ్లో పుస్తకం పెట్టింది. "గట్టిగా పట్టుకోండి. కదపకండి."

తన కుట్టు తనకే ఎదురు తిరిగింది. ఒక దారం తెగితే రెండోది బిగుసుకునేది. తిట్టుకుంటూనే నాలుగు వైపులా విప్పి, గోటితో మూల లేపి లాగింది. కాగితం వచ్చింది. సముద్రం రాలేదు. నీలమంతా ప్లాస్టిక్‌కే అంటుకుపోయింది, దాని మీద పడవ అద్దంలో బొమ్మలా అటు తిరిగి కూర్చుంది. చేతిలో మిగిలిన నోటు ఉతికి ఆరేసిన గుడ్డలా పాలిపోయి ఉంది.

"పోనీలే" అన్నాడాయన.

"పోనీలేంటండీ. మీ మొదటి జీతంలోది."

"మొదటి జీతంలోదని నేనెప్పుడన్నాను?"

ఆమె తలెత్తింది. ఆయన పుస్తకం వైపే చూస్తూ చెప్పుకొచ్చాడు. ఏదో రేవులో దుకాణంవాడు చిల్లరలో ఆ నోటు అంటగట్టాడు. అది అప్పటికే రద్దయిన నోటని మర్నాడు తెలిసింది. దానికి అగ్గిపెట్టె కూడా ఇవ్వలేదెవరూ. ఓడలో తోటి వంటవాళ్లు వారం రోజులు ఏడిపించారు. పెట్టె అడుగున పడేసి మర్చిపోయాడు. ఇంటికొచ్చాక ఏం తెచ్చారని ఆమె అడిగితే చేతికి తగిలింది అదే.

"నువ్వేమో కళ్లింత చేసుకుని చూశావు. చెల్లని నోటే అని ఎలా చెప్పమంటావు?"

"ఆ పూట చెప్పలేదు సరే. తర్వాత?"

"తర్వాత నువ్వు కుట్టేశావుగా. అంత గట్టిగా కుట్టినదాన్ని విప్పే ధైర్యం నాకు లేదే."

ఆమెకు ముందు ఒళ్లు మండింది. తను జంటకుట్టు వేసి కాపాడింది ఒక దుకాణంవాడి మోసాన్ని. ఆడపడుచు టీ గ్లాసు మీద ఇన్నేళ్లూ మనసులో పెంచిన పగ కూడా దండగే. ఆ తర్వాత, పాలిపోయిన నోటును వెలుగుకు పెట్టి చూస్తుంటే, రంగు పోయాక గీత తేటగా కనిపించింది. అల మీద అల, వెంట్రుకకన్నా సన్నగా. నీలం కింద అదెప్పుడూ కనబడలేదు.

"అయితే దీన్ని కదపొచ్చన్నమాట" అంది.

మర్నాడు మేడంతో కలిసి గాజుబల్ల సర్దింది. ప్లాస్టిక్ మీద మిగిలిన నీలాన్ని కూడా కత్తిరించి పెట్టింది. ఏం జరిగిందో తెలుసుకున్న మేడం ఇది మొదటి నోటు కదా, మొదట్లో పెట్టి కింద రెండు ముక్కలు రాద్దామంది. ప్రేమ, ఎడబాటు, జ్ఞాపకం, అలాంటివేవో. సీట్లక్క వద్దంది. మరీ రాయాలనిపిస్తే ఈ ప్లాస్టిక్ వాడకండి అని రాయమంది. నోటును రెండో వరసలో ఒక వంతెన పక్కన పెట్టి, తాళం వేయమని చెప్పి బయటపడింది.

వీధి మలుపు దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. షెడ్డు వైపు రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగి గ్రంథాలయం మెట్లెక్కింది. మేడం తాళంచెవిని ఇంకా బీరువాలో పెట్టనేలేదు.

"ఆ పడవ అక్కడ బాలేదు మేడం. వంతెన కిందకి దూరిపోతున్నట్టుంది. ఈ మూలకి జరుపుదాం."

"ఇన్నాళ్లూ ఒకే చోట ఉన్న నోటు కదా అక్కా?"

"అందుకే" అంది సీట్లక్క, గాజు మీద చెయ్యి వేసి. "తియ్యండి."