ఇస్తార్ల మల్లవ్వ మిషన్ అమ్మిన రోజు

సికింద్రాబాద్‌లో నా కర్రీ పాయింట్ మూతపడి నెలలు గడిచాయి. రోడ్డు వెడల్పులో షాపు పోయింది. వేరే సందులో షాపుకు పనికొచ్చే ఒక మడిగె అగ్గువకు, తక్కువ అద్దెకే, దొరుకుతుందని తెలిసి, తీసుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్నప్పుడు మల్లవ్వ గుర్తొచ్చింది. ఎల్లారెడ్డి దగ్గర మోదుగాకు ఇస్తార్లు, అంటే విస్తరాకులు, తయారుచేసే షెడ్డు ఆమెది. ఒకప్పుడు బీడీలు చుట్టేది. చేత్తో ఇస్తార్లు కుట్టి అంగట్లో అమ్ముతూ అమ్ముతూ, ప్రెస్సింగ్ మిషన్లు పెట్టి ఊళ్లో ఆడవాళ్లకు పని ఇచ్చేదాకా ఎదిగింది. నాకు ప్లేట్లు ఆమే పంపేది. ఏళ్ల తరబడి ఫోన్లో మాటలే తప్ప ముఖాలు చూసుకోలేదు.

సొంతంగా నిలబడ్డ మనిషి, వ్యాపారం గురించి నాలుగు మంచి మాటలు చెబుతుందనుకున్నాను. ఫోన్ చేస్తే, "రా చెల్లె. శుక్రారం దాక షెడ్డులనే ఉంట," అంది. ఆ తర్వాత ఎక్కడుంటావని అడగాలని నాకు తోచలేదు.

శుక్రవారం పొద్దున ఏడింటి రైలెక్కాను. మేడ్చల్ దాటినా ముసురు వదల్లేదు. కామారెడ్డిలో దిగేసరికి తొమ్మిదిన్నర. ఆటోలో బస్టాండుకు పోయి, ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తిని ఛాయ్ తాగాను. ఇడ్లీ చల్లారిపోయింది గాని పల్లీ చట్నీ బాగుంది. ఎల్లారెడ్డి బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. సీటు కావాలంటే మాత్రం బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేయాలి.

పక్కసీట్లో ఒకావిడ ఒళ్లో బీడీలు చుట్టే తునికాకు కట్ట పెట్టుకుని కూర్చుంది.

"ఎవలింటికి పోతున్నవ్?"

మల్లవ్వ షెడ్డుకని చెప్పాను.

"ఇస్తార్ల మల్లవ్వనా? నేను ఆడనే చేసిన. మొన్నటి వానలకు వాగొచ్చి షెడ్డు మునిగె. మల్ల మాకు బీడీలే దిక్కాయె." ఆకు కట్ట మీద చెయ్యి వేసింది. "మాకు జీతాలు మాత్రం ఆపలే. ఆఖరుకు ఆమెకే ఏం మిగల్లే."

నేను కిటికీ వైపు తిరిగాను. లింగంపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా వరి నేలకొరిగి ఉంది. కొన్ని మళ్లలో ఇసుక మేట వేసింది. ఎల్లారెడ్డిలో దిగి అదే బస్సులో వెనక్కి పోదామా అనిపించింది. కష్టంలో ఉన్న మనిషి ముందు కూర్చుని ఏమని అడగాలి?

అయినా షేర్ ఆటో ఎక్కాను.

షెడ్డు గోడల మీద నా భుజం ఎత్తున బురద గీత. లోపల ఆకు కుళ్లిన వాసన ఇంకా పోలేదు. మల్లవ్వ ఫోన్లో గొంతును బట్టి నేను ఊహించుకున్నంత పెద్ద మనిషి కాదు. సన్నగా, యాభై దాటినట్టు ఉంది. మిగిలిన ఒక్క మిషన్‌ను గుడ్డతో తుడుస్తోంది. "వచ్చినవా? కూసో. ఇది గూడ ఇయ్యాల పోతది. కామారెడ్డోళ్లు కొన్నరు," అంది.

మేము మాట్లాడుతుండగా నిజాంసాగర్ వైపు నుంచి ఒకతను బండి మీద వచ్చాడు. ఎల్లుండి తండ్రి దినాలట, భోజనాలకు ప్లేట్లు కావాలట. పై అరలో ముంపు తగలకుండా మిగిలిన కట్టలు అతని కంట పడ్డాయి.

"అవి అమ్మేటియి కావు, బిడ్డా. చెమ్మ పట్టినయి," అంది మల్లవ్వ.

"ఒక్క పూటకే గదా అవ్వా. ఎవలు చూస్తరు? తక్కువకియ్యి."

"మీ బాపు పేరు మీద తినేటోళ్లకు బూజు వాసనల పెడ్తవా?"

అతను నసుగుతూనే ఉన్నాడు. మల్లవ్వ ఫోన్ తీసి కామారెడ్డిలో ఇంకో ప్లేట్ల వ్యాపారికి చేసింది. ఇన్నేళ్లూ ఆమెతో పోటీపడ్డ మనిషే. రేపటికి సరుకు సిద్ధం చేయమని చెప్పి, అతన్ని అక్కడికి పంపింది.

"గిరాకీని చేతులారా ఇచ్చేశావు కదా అక్కా," అన్నాను.

"నా తాన సరుకు లేదు. గందుకని ఆయన దినాలు ఆగుతయా?"

అప్పుడు అడిగాను, వ్యాపారం పెట్టేవాళ్లకు ఏం చెబుతావని. ఆమె గుడ్డ మడిచి మిషన్ మీద పెట్టింది.

"పోయినేడు రావాల్సింది చెల్లె. అప్పుడైతే మస్తు ముచ్చట్లు చెప్పేదాన్ని. ఇప్పుడు ఒక్కటే తెలుసు. వాగు పక్కన జాగ అగ్గువకు వచ్చిందని సంబురపడ్డ. ఎందుకు అగ్గువనో ఎవల్నీ అడగలే."

మధ్యాహ్నం ఆమె తెచ్చిన జొన్నరొట్టె, పచ్చిపులుసు ఇద్దరం తిన్నాం. రెండింటికి ట్రాలీ ఆటో వచ్చింది. మిషన్ ఎక్కించి, డ్రైవర్ పక్కన ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. దారిలో మడిగె యజమానికి ఫోన్ చేసి, అద్దె ఎందుకంత తక్కువని అడిగాను. ఆయన ముందు నవ్వాడు. గుచ్చి గుచ్చి అడిగితే, ఆ సందు కూడా వెడల్పు చేస్తారని అనుకుంటున్నారని ఒప్పుకున్నాడు. మల్లవ్వ అంతా విన్నది. నా చేతి మీద చెయ్యి వేసి, కాసేపయ్యాక తీసేసింది.

కామారెడ్డిలో మిషన్ కొన్నది కొత్తగా పెళ్లయిన జంట. ఒక గదిలో పెట్టుకున్నారు. దించగానే పోతుందనుకున్నాను గాని మల్లవ్వ ఆ అమ్మాయిని పక్కన నిలబెట్టుకుని గంటసేపు నేర్పింది. అచ్చు ఎంత వేడెక్కాలి, ఆకు ఎంత తడిగా ఉండాలి, ఎప్పుడు చెయ్యి వెనక్కి తీయాలి. తన అరచేతి మీద కాలిన మచ్చ చూపించి, "గిది మొదటి నెలల అయింది. నీకు కావొద్దు," అంది.

"మీరు మల్ల ఎప్పుడు పెడ్తరు, అవ్వా?" అని ఆ అమ్మాయి ఆశగా అడిగింది.

మల్లవ్వ వినబడనట్టే స్విచ్ ఆపింది.

స్టేషన్ దాకా నాతో నడిచి వచ్చింది. రైలు ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం మీద ఛాయ్ తాగుతూ, రేపటి నుంచి ఏం చేస్తావని అడిగాను.

"పొద్దుగాల పోయి నేను గూడ తునికాకు తెచ్చుకుంట. వేళ్లు మర్చిపోయినయో ఏమో చూడాలె," అంది. తర్వాత నా ముఖం కేసి చూసి, "గట్ల చూడకు చెల్లె. నీ రైలొచ్చె, ఎక్కు," అంటూ భుజం తట్టింది.

రైలు కదిలేసరికి ఆమె బస్టాండు వైపు వెళ్లిపోయింది. ఎదుటి సీట్లో పెద్దాయన, ఎక్కడికి పోయి వస్తున్నావని అడిగాడు. వ్యాపారం ఎలా చేయాలో తెలుసుకోవడానికి ఎల్లారెడ్డి పోయానని చెప్పాను.

"తెలిసిందా మరి?"

తెలిసిందని తలూపాను. మల్లవ్వ ఓడిపోయింది. దాన్ని మెత్తగా చెప్పే మాట నా దగ్గర లేదు. ఆ మచ్చ ఉన్న చెయ్యి, ఇంకొకరి మిషన్ మీద అంత ఓపికగా కదలడం నా కళ్ల ముందు నుంచి పోలేదు. మీలో ఎవరైనా ఆమె పేరు విని ఎల్లారెడ్డి వెళితే, షెడ్డు కోసం వెతక్కండి, తాళం వేసి ఉంటుంది. బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య అడగండి.