వంద దాటనివ్వని వెర్లిన్

వెర్లిన్ ఓస్టర్‌క్యాంప్‌కి లోకంలో ఒకే ఒక్క పట్టుదల. మనిషి ఎంత గొప్పవాడైనా వంద శాతం దాటకూడదు.

అమెరికాలోని అయోవాలో మా యూనివర్సిటీ గ్రాంట్ల ఆఫీసుకి ఆయన అధికారి. నాది పక్క బల్ల. ఫెడరల్ ప్రభుత్వం డబ్బిచ్చే పరిశోధనల్లో ఏ ప్రొఫెసర్ ఎంత జీతం రాసుకోవచ్చో తేల్చడం మా ఉద్యోగం. మా దగ్గర ప్రొఫెసర్లకి జీతం తొమ్మిది నెలలకే. వేసవి మూడు నెలలూ వాళ్లు జ్ఞానం భోంచేసి బతుకుతారని యూనివర్సిటీ నమ్మకం. ప్రొఫెసర్లకి ఆ నమ్మకం లేదు గనక వేసవి జీతం గ్రాంటులో రాసుకుంటారు. అయితే ఎంత జీతం రాసుకుంటే అంత సమయం ఆ పనికే ఇవ్వాలి. చిక్కల్లా అక్కడే. మేధావుల దగ్గర సమయం రబ్బరులా సాగుతుంది.

మొక్కజొన్న వేళ్ల మీద జీవితం ధారపోసిన ఒక పెద్దాయన, ఒకే వేసవిలో తనని మూడు గ్రాంట్లకి పంచేసుకుని వచ్చాడు.

“ఇవన్నీ కలిపితే నూటముప్పై శాతం అవుతోందండీ” అన్నాడు వెర్లిన్.

“నేను చాలా వేగంగా పనిచేస్తాను.”

“సంతోషం. ఆ పై ముప్పై మీ తమ్ముడుగారై ఉంటారు. వారి బయోడేటా కూడా జతచేయండి.”

ఇంటికెళితే మారిపోయే మనిషి కాదు. టీవీలో ఫుట్‌బాల్ ఆటగాడెవడో విరామంలో ‘నూటపది శాతం కష్టపడ్డాం’ అన్నాడని, తన జట్టు గెలుస్తున్న ఆట మధ్యలో టీవీ కట్టేశాడు. దొంగలెక్కలు చెప్పే జట్టుని తను చూడడట. ఆఫీసు విందులో ఆయన భార్య మార్లిస్‌ని అడిగాను, “ఈయనతో ఎలా వేగుతున్నారండీ?” అని.

“పెళ్లిలో ‘నా ప్రేమంతా నీకే’ అనమన్నారు పాస్టరుగారు. ఈయన కాసేపు ఆలోచించి, ‘మా అమ్మ వాటా పోగా’ అన్నాడు” అందావిడ. “నయమే, మిగిలింది మాత్రం ఇవాళ్టిదాకా తప్పకుండా అందుతోంది.”

ఇలాంటి మనిషికి జీవశాస్త్రం హెడ్డు ప్రెస్కాట్ లూమిస్ తగిలాడు. లూమిస్ ఉపన్యాసాల్లో మహా దయామయుడు. ‘మనమంతా ఒక కుటుంబం’ అనకుండా మైకు వదలడు. ఆ కుటుంబంలో చాకిరీ మాత్రం చిన్నవాళ్లది.

నది ఆల్చిప్పల మీద పనిచేసే డ్యాగ్నీ తోర్సన్ ఆయన కింద ఉండేది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, అది ఆయన చేతిలో పని. ఆ చలికాలం ఒకరోజు సంతకం కోసం వచ్చి, మా ఆఫీసు గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోయింది. వెర్లిన్ కుర్చీ తెచ్చి వేశాడు.

“మీ వందా ఎటు పోతోందమ్మా?” అని అడిగాడు. ఆయన పలకరింపే అంత.

భర్త నీల్‌కి కేన్సరని, ఆస్పత్రికి తోడు వెళ్లడానికి తీరిక దొరకడం లేదని చెప్పింది. అడిగితే లూమిస్ ఏమన్నాడంటే, ‘నీ ధైర్యం మాకందరికీ స్ఫూర్తి’ అన్నాడట.

స్ఫూర్తి పొందిన లూమిస్ ఆ వారమే తన కొత్త గ్రాంటు దరఖాస్తులో ఆవిడ సమయంలో పావు వంతు రాసుకుని వచ్చాడు. సాయంత్రం ఐదింటికి గడువు. వెర్లిన్ కాగితం చూసి పక్కన పెట్టేశాడు.

“ఈవిడ నిండిపోయారండీ. రెండు క్లాసులు, మూడు కమిటీలు, సొంత గ్రాంటు. ఈ పావు ఎక్కడ పట్టిస్తారు?”

“డ్యాగ్నీది గొప్ప అంకితభావం, వెర్లిన్.”

“అంకితభావానికి గడి లేదండీ ఇందులో.”

“టైమైపోతోంది. ఏం చేయమంటారో చెప్పండి.”

“కమిటీలన్నీ తీసేయండి. ఒక క్లాసు తీసేయండి. మీ గ్రాంటులో ఈ పావుని సగానికి తగ్గించండి. ఇంట్లో పెద్ద జబ్బున్నవాళ్ల మీద అడిగిన కొత్త భారంలో సగానికి మించి వేయకూడదు. రూలుంది.”

“ఏం రూలు?”

“ఫెడరల్ రూలు” అన్నాడు వెర్లిన్, తల ఎత్తకుండా.

ఆ మాట వింటే మా హెడ్లకి కళ్లముందు ఆడిటర్లు నడుస్తారు. లూమిస్ అన్నిటికీ సంతకాలు చేశాడు.

గ్రాంటు వచ్చింది. డ్యాగ్నీ ప్రతిసారీ భర్తతో ఆస్పత్రికి వెళ్లగలిగింది, నీల్ మెల్లగా కోలుకున్నాడు. సిబ్బంది కుటుంబాల పట్ల చూపిన కరుణకి యూనివర్సిటీ ఒక అవార్డు కూడా ఇచ్చింది. లూమిస్‌కి. ఆయన కళ్లు తుడుచుకుంటూ అందుకున్నాడు. వెర్లిన్ చప్పట్లు కొట్టాడు గానీ, పూర్తిగా కొట్టినట్టు లేడు.

కొన్నాళ్లకి తల్లి మంచం పట్టిన ఇంకో ప్రొఫెసర్ నా దగ్గరికొచ్చాడు. ఆ రూలు ఆయనకి చూపిద్దామని ఫెడరల్ నిబంధనలన్నీ తిరగేశాను. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి. చివరికి వెర్లిన్ బల్ల దగ్గరికే వెళ్లాను.

“ఆ జబ్బు రూలు ఎక్కడుందండీ? కనబడటం లేదు.”

ఆయన లేచి ఆఫీసు తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

“కనబడదు. వాళ్లింకా రాయలేదు.”

ముప్పై ఏళ్లుగా ఒక్క శాతం అటూ ఇటూ కానివ్వని మనిషి. లేని రూలు పుట్టించాడు.

“ప్రభుత్వం పని కదా, ఆలస్యమవుతుంది” అన్నాడాయన. “ఈలోగా ఆ ప్రొఫెసర్‌ని లోపలికి పంపించు. వాళ్ల హెడ్డుని కూడా పిలు.”