సంచిలో బల్బు

తాడేపల్లిగూడెంలో ఎవరింట్లో టీవీ బొమ్మ వణికినా, ఎవరి మిల్లులో మోటారు మొరాయించినా, ముందు అడిగే మాట ఒకటే: "ఇమ్మానుయేలు మేస్టారికి చూపించారా?" నిజానికి ఆయన మేస్టారు కాడు. ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకునే టెక్నీషియను. అయినా పిల్లలకి పని నేర్పింది ఆయనే, మేస్టారని పిలిచిందీ ఆ పిల్లలే.

ఆయన ప్రాణమంతా వోల్టులు కొలిచే ఒక బెంచి మల్టీమీటరు మీద ఉండేది. చేత్తో పట్టుకునే బుల్లి మీటరు కాదు, బల్ల మీద కూర్చుని పచ్చటి అంకెలు చూపించే పెద్ద మిషను. కాలేజీవాళ్ళు కొత్తవి కొని పాతదాన్ని పారెయ్యబోతుంటే ప్రిన్సిపాలుని బతిమాలుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. దుమ్ము పడకుండా దానికి భార్య ప్రభావతి చేత గుడ్డతొడుగు కుట్టించాడు. తన చొక్కాకి గుండీ ఊడితే నెల్లాళ్ళు పట్టించుకోని మనిషి.

ల్యాబులో అంకెలు ఒకచోట నిలవక గెంతుతుంటే పిల్లలు కంగారుపడేవారు.

"మీటరుకేం రోగం లేదురా. చుట్టూ ఉన్న గోలంతా తీగల్లోకి వస్తోంది. రెండు తీగలూ మెలిపెట్టు. ఎర్తు ఒక్కచోటే ఇవ్వు. ఫిల్టరు వెయ్యి. వంద రీడింగులు తీసి సగటు కట్టు. అప్పుడు చదువు" అనేవాడు. చదివాక పుస్తకం మూసెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "అంకె నిలిచిందని నమ్మెయ్యకు. ఉత్త తీగ మీద కూడా ఈ మిషను దొంగ వోల్టేజీ చూపిస్తుంది. ఆ రెండు కొసలకీ ఒక బల్బు తగిలించు. దొంగదైతే బల్బు తగలగానే అంకె పడిపోతుంది. నిజమైతే బల్బు మిణుకుమంటుంది. బల్బుకి మొహమాటం లేదు."

ఆ మాట ఆయన ఇరవై ఏళ్ళు చెప్పాడు. ఒక్కరోజు మాత్రం తను పాటించలేదు.

అది రెండువేల ఏడు ఎండాకాలం. ఆయన చెల్లెలు కృపావరం కాపురం గణపవరం దగ్గర. ఆమె భర్త ప్రభుదాసు, జోగారావు గారి చేపల చెరువు మీద కాపలా. నీళ్ళు తోడే మోటారు కూడా అతనే చూసుకునేవాడు. చర్చిలో సంఘపెద్ద. జీవితంలో చుక్క ముట్టినవాడు కాడు. అతను ఫోను చేశాడు.

"బావగారూ, మోటారు ఆడుతున్నప్పుడు ఇనప పైపు ముట్టుకుంటే జిల్లుమంటోందండీ. ఎప్పుడూ కాదు, ఒక్కోసారి. జోగారావు గారు నా భ్రమ అంటున్నారు. మీరొచ్చి చూసి చెబితే వింటారండీ."

ఆదివారం ఆరాధన అయ్యాక ఇమ్మానుయేలు మీటరుని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్ళాడు. భుజానికి గుడ్డసంచి, అందులో హోల్డరుకి బిగించిన బల్బు, దానికి రెండు తీగలు. గట్టు మీద అప్పటికే జోగారావు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పక్క చెరువుల ఆసాములు ఇంకో నలుగురు మిషను చూడ్డానికి వచ్చారు. మోటారు షెడ్డులోంచి కరెంటు లాగి మీటరు వెలిగించగానే అందరూ వంగి చూశారు.

ఒక తీగ పైపుకీ, ఒక తీగ గట్టులో దిగ్గొట్టిన ఎర్తు కడ్డీకీ పెట్టాడు. మోటారు ఆడుతోంది. మూడు. నాలుగు. మూడు. ఉన్నట్టుండి డెబ్బై. మళ్ళీ నాలుగు.

"ఏంటండీ, అలా గెంతుతోంది?" అన్నాడు జోగారావు.

"పైన పెద్ద లైను పోతోంది కదండీ, పక్కన మోటారు. గోల" అని ఇమ్మానుయేలు తీగలు మెలిపెట్టాడు, ఫిల్టరు వేశాడు, సగటు కట్టమని మీట నొక్కాడు. గెంతులు ఆగాయి. నాలుగు పాయింటు రెండు దగ్గర అంకె బుద్ధిగా కూర్చుంది.

"అబ్బ! మిషనంటే ఇదండీ! మా వైరుమేను ఉన్నాడు, ఎక్కడికెళ్ళినా బల్బు పట్టుకుని తిరుగుతాడు" అన్నాడు జోగారావు. ఆసాములు నవ్వారు.

అప్పటికి ఇమ్మానుయేలు చెయ్యి సంచిలోనే ఉంది. వేళ్ళు బల్బుకి తగులుతున్నాయి. ఉత్త చెయ్యే బయటికి తీసి, వాళ్ళతోపాటు ఆయనా నవ్వాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న నాకు ఆయన మంచితనం తెలుసు, అయినా ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"నాలుగు వోల్టులేనండీ. చీమ కూడా చావదు" అన్నాడు. జోగారావు అడిగితే కాగితం మీద అదే రాసి సంతకం పెట్టాడు.

"మీరన్నాక ఇంక భయమేముందండీ" అని ప్రభుదాసు ఆయన్ని బలవంతంగా భోజనానికి తీసుకెళ్ళాడు.

శుక్రవారం పొద్దున్న మోకాల్లోతు నీళ్ళలో నిలబడి ప్రభుదాసు ఆ పైపు పట్టుకున్నాడు. కృపావరం గంజి పట్టుకుని వెళ్ళేసరికి నీళ్ళలో బోర్లా ఉన్నాడు.

సమాధి అయ్యేలోపు జోగారావు మోటారు మార్పించేశాడు. మర్నాడు ఇమ్మానుయేలు వెళ్ళేసరికి షెడ్డు వెనక పాత వైరు చుట్ట పడుంది. పైపు బిగింపుకి ఒరుసుకున్న చోట తొడుగు పోయి, రాగి తళతళా మెరుస్తోంది. అలా మెరవాలంటే ఎన్నాళ్ళు ఒరుసుకుని ఉండాలి! మోటారు అదిరినప్పుడల్లా ఆ రాగి పైపుకి తగిలింది. డెబ్బై గోల కాదు. ఆ మీటరు చెప్పిన ఒకే ఒక్క నిజం అది, దాన్ని తనే సగటులో కలిపేశాడు. గట్టు మీద కూలబడి గుండెలు బాదుకున్నాడు. ఆ మర్నాటికి వైరు చుట్ట కూడా లేదు.

తరవాత ఊళ్ళో ఒక మాట పుట్టింది. ప్రభుదాసు తాగి మోటారు మీద పడ్డాడట. సాక్ష్యం ఏమిటయ్యా అంటే, ఇమ్మానుయేలు సంతకం పెట్టిన కాగితం: పైపులో ఉన్నది నాలుగు వోల్టులే. కృపావరం తిండి మానేసింది. "మనిషి ఎలాగూ పోయాడు అన్నయ్యా, ఆయన పేరైనా నిలబెట్టు. నువ్వు చెబితే అందరూ నమ్ముతారు" అంది. వైరు పాడవడం ఆ కాగితం తరవాతే జరిగిందని ఆమె నమ్మకం. అన్న పొరపాటు పడతాడన్న ఊహే ఆమెకి లేదు.

విచారణ ఏలూరులో. కరెంటు ప్రమాదాలు చూసే ఆఫీసరు శరత్‌చంద్ర, ఒకప్పుడు ఇమ్మానుయేలు ల్యాబులో అంకెలు గెంతితే కంగారుపడ్డ పిల్లాడే. లేచి కుర్చీ వేశాడు. ఇమ్మానుయేలు కూర్చోలేదు.

"మేస్టారూ, ఈ రీడింగు మీదేనాండీ?"

"నాదేనండీ."

శరత్‌చంద్ర కాగితం వంకే చూస్తూ అడిగాడు. "బల్బు పెట్టి చూశారాండీ?"

జోగారావు ముందుకి వంగాడు. బెంచీ మీద కృపావరం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్న వైపే చూస్తోంది. చూశానని ఒక్క మాట అంటే తన పేరుకి మచ్చ రాదు. జోగారావు కూడా కాదనడు.

"లేదండీ" అన్నాడు ఇమ్మానుయేలు. "అంకె డెబ్బైకి గెంతిందండీ. నా కళ్ళతో చూశాను. నలుగురిలో బల్బు తియ్యడానికి నామోషీ అనిపించింది. ఈ కాగితం తప్పు. మా బావ తాగలేదండీ. నేను నాలుగన్నానని నమ్మి పైపు పట్టుకున్నాడు."

శరత్‌చంద్ర కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ మాటలన్నీ రాసుకున్నాడు.

గణపవరం మీదుగా పోయే బస్సులో అన్నాచెల్లెళ్ళు ఒకే సీట్లో కూర్చున్నారు. ఊరు దగ్గరపడ్డాక కృపావరం అడిగింది.

"ఆ రోజు బల్బు ఇంటి దగ్గర మర్చిపోయావా అన్నయ్యా?"

ఆ ఒక్క దారి ఆమె తెరిచి పెట్టింది.

"సంచిలోనే ఉందమ్మా."

బస్సు ఆగింది. కృపావరం లేచి, మెల్లిగా, ఎప్పటి గొంతుతోనే అంది. "మీ బావ తాగలేదని చెప్పావు. అది చాలు అన్నయ్యా. ఇంక మా గడపలోకి రాకు."

ఆయన తాడేపల్లిగూడెం టిక్కెట్టు తీసుకుని అదే బస్సులో కూర్చుండిపోయాడు.